హెచ్ఎం బల్ల మీది ఫోన్

బడులు తెరిచారో లేదో తిరుపతి, చిత్తూరు జిల్లాల స్టాఫ్ రూముల్లో పాత గొడవ మళ్ళీ లేచింది. పాఠానికి పనికొచ్చే వీడియోను టీచర్ తన ఫోన్‌లో వెతికి, క్లాసులో చూపించి, తోటి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా? లేక విద్యాశాఖ ఇచ్చిన యాప్‌లో, క్లాసులో పెట్టిన పెద్ద డిజిటల్ తెర ప్యానెల్‌లో ఉన్నది మాత్రమే చూపించాలా? బయటివాళ్ళకు ఇది క్రమశిక్షణ సంగతిలా కనిపిస్తుంది. ఎక్కడ మొదలైందో చూస్తే అలా అనిపించదు.

పాఠాల వీడియోలు, టీచర్ల శిక్షణలు ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష ఎలా వచ్చిందో, కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ఎలా నడిచాయో టీచర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నా దృష్టిలో ఈ కథ 2022 ఆగస్టులో మలుపు తిరిగింది. ముఖం గుర్తుపట్టి హాజరు వేసే యాప్‌ను రాష్ట్రమంతటా తెచ్చింది ఆ నెలలోనే. ఫోన్ టీచరుది, డేటా ప్యాక్ టీచరుది. హాజరు మాత్రం శాఖది. ప్రభుత్వ పనికి ప్రభుత్వమే పరికరం ఇవ్వాలని టీచర్ల సంఘాలు అడిగాయి, సొంత ఫోన్లలో యాప్ వేసుకోబోమన్నాయి. అప్పటికే మరుగుదొడ్ల ఫోటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఫోన్లోంచే వెళ్ళేవి. అంతవరకు టీచర్ ఇష్టంతో పాఠానికి వాడుకున్న వస్తువు ఆ నెల నుంచి పై అధికారులకు లెక్క అప్పజెప్పే వస్తువైంది.

సరిగ్గా ఏడాదికి, 2023 ఆగస్టులో, బడుల్లో సెల్‌ఫోన్ల మీద ఆంక్షలు పెడుతూ ఉత్తర్వు వచ్చింది. పిల్లలు ఫోన్ తేనేకూడదు. టీచర్లు క్లాసుకు వెళ్ళేముందు తమ ఫోన్లు హెచ్ఎంకు, అంటే ప్రధానోపాధ్యాయులకు, అప్పగించాలి. అంటే పొద్దున హాజరు వేయడానికి ఫోన్ చేతిలో ఉండి తీరాలి, పాఠం చెప్పే వేళకు ఉండకూడదు. ఈ రెండు ఆదేశాల మధ్య ఇరుక్కుపోయిన మనిషి ఇబ్బంది అర్థం కానిదే ఇవాళ్టి కోపం అర్థం కాదు.

శాఖ వైపు వాదన చులకనైనది కాదు. క్లాసులో కూర్చుని ఫోన్ చూసుకునే టీచర్ల మీద తల్లిదండ్రుల ఫిర్యాదులు ఉన్నాయి. యూట్యూబ్‌లో తప్పుల తడకలూ ఉన్నాయి. హైస్కూళ్ళకు పెద్ద ప్యానెళ్ళు ఇచ్చారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. ఇన్ని ఇచ్చాక సొంత ఫోన్ ఎందుకన్నది అధికారుల ప్రశ్న.

ఆ ఉత్తర్వుకు ఆధారంగా చూపింది 2023 జులైలో వచ్చిన యునెస్కో నివేదిక. ఫోన్లు పిల్లల ధ్యాస చెదరగొడతాయని అందులో ఉన్న మాట నిజం. నేర్చుకోవడానికి మేలు జరిగే చోట టెక్నాలజీ వాడాలని, అది ఎవరి షరతుల మీద నడుస్తోందో అడగాలని కూడా అందులోనే ఉంది. బడుల్లో ఫోన్లు నిషేధించిన దేశాలు నాలుగో వంతు కూడా లేవని అదే నివేదిక లెక్క చెప్పింది. టీచర్ పాఠం కోసం వెతుక్కునే వీడియోను అది తప్పు పట్టలేదు. పిల్లల ఫోన్ గురించి చెప్పిన మాటను ఇక్కడ టీచర్ ఫోన్ మీదికి తెచ్చారు.

అసలు వీడియో వెతకడమంటే ఏమిటో చెప్పాలి. ఫిజికల్ సైన్స్ టీచర్ రేపటి విద్యుత్ వలయాల పాఠం కోసం రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటారు. యూట్యూబ్‌లో వందలు దొరుకుతాయి. ఒకదాంట్లో భాష మన పుస్తకం భాష కాదు. ఇంకోదాంట్లో పది నిమిషాల ఉపోద్ఘాతం. మరోదాంట్లో చెప్పిందే తప్పు. చివరికి ఒకటి దొరికితే, అందులోనూ మూడో నిమిషం నుంచి ఐదో నిమిషం దాకానే క్లాసుకు పనికొస్తుంది. తెలిసినవాళ్ళు వీడియో మానేసి, తెర మీదే ప్రయోగం చేసి చూసే ఫెట్ (PhET) సిమ్యులేషన్లకు వెళ్తారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఈ ఉచిత సిమ్యులేషన్లలో తెలుగులో ఉన్నవీ ఉన్నాయి. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. పిల్లవాడే తీగ కలిపి బల్బు వెలిగించి చూడవచ్చు. బ్యాటరీ, రెండు పిన్నులు, అయస్కాంతం, తీగచుట్టతో మోటారు తిప్పి చూపించే అరవింద్ గుప్తా వీడియోలు ఇంకో దారి; పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేసి చూపించే మనిషి ఆయన. ల్యాబ్ లేని బడిలో వాటి విలువ టీచరుకే తెలుసు.

పంచుకోవడంలోనూ పనితనం ఉంది. వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపితే సైజు నొక్కేసి, నల్లబల్ల మీది అక్షరాలు అలికేసినట్టు అవుతాయి. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. సిగ్నల్ సరిగా అందని బడికి లింకు పంపినా లాభం లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో చేతికివ్వాలి. తరగతి, పాఠం పేరు, చూపించాల్సిన నిమిషాలు, పిల్లలు ఎక్కడ తికమకపడ్డారో ఒక వాక్యం రాసి పెడితే, అవతలి టీచరుకు ఒక రాత్రి మిగులుతుంది. ఆ నాలుగు ముక్కలు లేకుండా ఫార్వర్డ్ చేసింది ఎవరూ తెరవరు. ఈ పనికి రికార్డు లేదు, సర్టిఫికెట్ లేదు. జరిగేది మాత్రం టీచర్ సొంత ఫోన్‌లోనే.

మరి దీక్షలో ఇదంతా లేదా? అక్కడ ఒక విచిత్రం ఉంది. 2017 సెప్టెంబరు 5న దీక్ష మొదలయ్యాక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ముద్రించడం మొదలైంది. ఆ దారిలో ముందు నడిచిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాఠం పక్కన గళ్ళ బొమ్మ, దాన్ని స్కాన్ చేస్తే వీడియో. స్కాన్ చేయాలంటే ఫోన్ కావాలి! శాఖ అచ్చువేసిన పుస్తకం ఫోన్ తీయమంటుంది, శాఖ ఉత్తర్వు దాన్ని హెచ్ఎం బల్ల మీద పెట్టమంటుంది. దీనికి తోడు 2020 అక్టోబరు నుంచి టీచర్లకు కేంద్రం పెట్టిన నిష్ఠ శిక్షణలు దీక్షలో ఆన్‌లైన్‌గా నడిచాయి. గడువులోగా కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. చాలామందికి దీక్ష అంటే ఆ టెన్షనే గుర్తుండిపోయింది. వెతుక్కునే చోటు వెంటబడే చోటుగా మారింది.

ట్యాబ్‌ల సంగతి కొంత వేరు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు. పిల్లలు వేరేవి చూడకుండా సాఫ్ట్‌వేర్ తాళం వేశారు. పిల్లల విషయంలో అది సబబే. కానీ నింపి పంపినదాంట్లో, ఈ క్లాసులో ఈ పిల్లలకు ఏది అర్థం కాలేదో ఆలోచించి తెచ్చిన భాగం ఉండదు కదా. ఆ ఆలోచన టీచరుదే.

పై నుంచి పాఠం పంపాలన్న కల కొత్తదేమీ కాదు. చదువు కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న ఎగిరింది శ్రీహరికోట నుంచే. ఆ శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2010లో ఆ ఉపగ్రహం పని అయిపోయింది. ఇదే సీమలో ఇంకో దారి కూడా పుట్టింది. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం టీచర్ సెంటర్లు పెట్టింది. చుట్టుపక్కల బడుల వాళ్ళు తాము చేసిన చార్టులు, కార్డులు తెచ్చి ఒకరికొకరు చూపించుకునేవారు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి వాళ్ళు పల్లె టీచర్లతో కూర్చుని చేసిన కృత్య కార్డులు (పిల్లలు చేస్తూ నేర్చుకునే పనుల కార్డులు) తర్వాత వేరే రాష్ట్రాల బడుల దాకా వెళ్ళాయి. ఇవాళ్టి వాట్సాప్ గ్రూపు ఆ సెంటరుకు వారసురాలు. చార్టు చుట్ట బదులు లింకు వచ్చిందంతే.

కాపీరైట్ పేరు చెప్పి భయపెట్టేవాళ్ళు ఇంకొందరు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే, బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ చేసుకునే ప్రతులకు మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపును విశాలంగానే చదివింది. ఇతరుల వీడియోను తన ఛానెల్లో పెట్టుకుని డబ్బు చేసుకోవడం వేరు, క్లాసులో రెండు నిమిషాలు చూపించడం వేరు.

శాఖ యాప్‌లో, ప్యానెల్‌లో ఉన్నదొక్కటే చాలు అనేవాళ్ళు నగరి, సత్యవేడు వైపు తమిళ మీడియం బడులకు వెళ్ళి చూడాలి. పై నుంచి వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం తెలుగు, ఇంగ్లిషు. సరిహద్దు అవతల తమిళనాడు 2019లో మొదలుపెట్టిన కల్వి టీవీ పాఠాలు యూట్యూబ్‌లో పుష్కలంగా ఉన్నాయి. భాష కుదురుతుంది, పుస్తకం కుదరదు. అక్కడి ఏ పాఠంలోని ఏ ముక్క ఇక్కడి ఏ పాఠానికి పనికొస్తుందో జత చేసి చెప్పగలిగింది ఆ బడిలో చెప్పే టీచర్లే. కాంప్లెక్స్ మీటింగ్‌లో సర్క్యులర్లు చదివాక మిగిలే సమయంలో ఇరవై నిమిషాలు ఈ పనికి కేటాయిస్తూ రాతపూర్వకంగా ఇవ్వమని, పాఠం కోసం తీసిన ఫోన్‌ను తప్పుగా లెక్కించవద్దని టీచర్లు అడుగుతున్నారు.