ఊడ్పుల నీళ్లు పాతవే, ట్యూబే కొత్తది

ఊడ్పులు మొదలయ్యాయంటే గోదావరి జిల్లాల్లో తామర గొడవ లేస్తుంది. ఈసారీ లేచింది. డాక్టరు చీటీ లేకుండా చర్మం క్రీములు అమ్మొద్దని చర్మవైద్యులు అంటున్నారు. అమ్మకపోతే పల్లెల్లో జనం ఎక్కడికి పోతారని మందుల షాపులవాళ్లు అడుగుతున్నారు. వీటి మధ్య మూడో మాట ఒకటి ఉంది. ఊళ్లలో ఎక్కువమంది నమ్మేది దాన్నే: రొయ్యల చెరువులొచ్చి నీళ్లు పాడు చేశాయి, ఈ దురదలన్నీ అందుకే అని.

చెరువుల మీద జనానికి కోపం ఉండటంలో తప్పు లేదు. తామర విషయంలో మాత్రం ఆ మాట నిలబడదు. గోదావరి నీళ్లను డెల్టా కాలువలకు మళ్లించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కథ ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పటి నుంచీ బురదలో దిగి ఊడుస్తూనే ఉన్నారు. 1986 వరదకి లంకలన్నీ మునిగి జనం రోజుల తరబడి తడిబట్టల్లోనే ఉన్నారు. తామర అప్పుడూ ఉండేది. మెట్టతామర ఆకు నూరి పూసేవారు. ఆస్పత్రికి వెళ్తే బెంజోయిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ ఇచ్చేవారు. మంటపుట్టేది గానీ, ఓపిగ్గా వారాల తరబడి రాస్తే చాలామందికి తగ్గేది. ఇంటిల్లిపాదికీ పట్టి, వేసవిలో కూడా వదలని తామర మాత్రం గత పది పదిహేనేళ్లుగా చూస్తున్నదే. ఒక్క డెల్టాలోనే కాదు, దేశమంతటా చర్మవైద్యులు ఇదే చెబుతున్నారు. రొయ్యల చెరువు ఒక్కటీ లేని ఊళ్లలోనూ ఇదే పరిస్థితి.

కోనసీమలో ఒక సెంటర్లోని మందుల షాపు దగ్గర అరగంట నిలబడితే సగం సంగతి అక్కడే తెలిసింది. మడమల దగ్గర బురద ఇంకా ఆరని ఒకావిడ వచ్చి, కొంగు ముడి విప్పి, మూతి దాకా చుట్టేసిన ఖాళీ ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదే ఇవ్వండి బాబూ."

"ఒకటి చాలా పిన్నిగారూ?"

"రెండివ్వండి. మా ఆయనకీ పిల్లోడికీ కూడా పట్టిందండి."

ఏడాదిగా ఇదే వాడుతున్నానని చెప్పింది. "రాసిన రాత్రి హాయిగా నిద్ర పడుద్దండి. మానేశామా, నాలుగో రోజుకి మళ్లీ మొదలు." లంగా బొందు కట్టుకునే చోట నడుం చుట్టూ ఉందట. ఆయనకి మొలతాడు కింద, తొడల్లో. ట్యూబు వెనక సన్న అక్షరాల్లో మూడు పేర్లున్నాయి. ఒకటి ఫంగస్ మందు, ఒకటి యాంటీబయాటిక్, మూడోది క్లోబెటసాల్, 0.05 శాతం. పైపూత స్టెరాయిడ్లలో దీన్ని అన్నిటికన్నా బలమైన తరగతిలో చేర్చారు.

ఆవిడ చెప్పిన హాయి, నాలుగో రోజు మొదలు, రెండూ ఆ మూడో పేరు పనే. తామర తెచ్చేది ఫంగస్. అది చర్మంలో దిగితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దానితో పోరాడుతుంది. ఎరుపు, దురద, పొక్కులు ఆ పోరాటం గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పాకుతుంది. పక్కనే ఫంగస్ మందు ఉంది కదా అంటారు. దురద తగ్గగానే రాయడం ఆపేస్తే అది పూర్తిగా పనిచేసేదెప్పుడు?

తామరను గుర్తుపట్టడం మామూలుగా కష్టం కాదు. గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా ఉబ్బి సన్న పొక్కులతో ఉంటుంది, మధ్యలో మానినట్టు కనిపిస్తుంది, అంచు రోజురోజుకీ బయటికి జరుగుతుంది. స్టెరాయిడ్ పడిన చర్మం మీద ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి. అంచు కలిసిపోతుంది, లేదంటే వలయంలో వలయం పడుతుంది. తొడల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు మళ్లీ పోవు. ఇలా వేషం మార్చిన తామర గురించి ఇంగ్లండ్ వైద్యులు 1968లోనే రాశారు. అంటే ఆ సంగతి మనకి తెలియక జరిగింది కాదు. వేషం మార్చాక దాన్ని ఎగ్జిమా అనుకుని ఇంకా బలమైన స్టెరాయిడ్ రాసేవాళ్లూ ఉన్నారు. పాలిపోయిన మచ్చను తామర అనుకుని నెలల తరబడి ట్యూబు రాసేవాళ్లు ఇంకో పక్క. మచ్చ మీద స్పర్శ లేకపోతే అది కుష్టు కావచ్చు. ఒక్క రోజు కూడా ఆగకూడదు. వీపు మీద, మెడ మీద పొట్టులా రాలే శోభి మచ్చలు, అదే సిబ్బెం, మరో రకం ఫంగస్. దానికి వైద్యం వేరు.

ఇంత బలమైన మందు చీటీ లేకుండా బల్ల మీదకి ఎలా వచ్చింది? నా లెక్కలో మొత్తం కథ తిరిగింది ఇక్కడే.

షాపులవాళ్లతో మాట్లాడితే కథ 2018 నుంచి మొదలవుతుంది. ఆ ఏడాది మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్లను పైపూతకైనా సరే చీటీ ఉంటేనే అమ్మాలంది. "అంతకు ముందు లేని తప్పు అప్పుడెలా వచ్చింది?" అని వాళ్ల ప్రశ్న. నిజానికి తప్పు అంతకు ముందే, నిబంధనలోనే ఉంది. చీటీ మీదే అమ్మాల్సిన మందుల పట్టిక షెడ్యూల్ హెచ్. 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో భాగం. ఆ పట్టికలో స్టెరాయిడ్లు ఉన్నాయి. కానీ దాని కింద ఒక గమనిక ఉంది: పైపూతకు వాడేవి ఇందులోకి రావని. అంటే అప్పట్లో మింగే బిళ్లకు చీటీ కావాలి, పూసే ట్యూబుకు అక్కర్లేదు. ఆ గమనిక రాసినవాళ్లు కాలిన చోట రాసే క్రీమునో, నొప్పికి రుద్దే మందునో మనసులో పెట్టుకుని ఉంటారు. దాని చాటున క్లోబెటసాల్ నెయిల్ పాలిష్ అంత సులువుగా దొరికింది.

ఆ దారిన కలయిక మందులు వచ్చాయి. ఒక ట్యూబులో మూడు, నాలుగు మందులు. ఏ జబ్బో తేల్చక్కర్లేదు, ఏదో ఒకటి తగులుతుంది. కేంద్రం అనుమతి చూడకుండా రాష్ట్రాలిచ్చిన లైసెన్సులతో తయారైన కలయికలను పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు కాకతీయ విశ్వవిద్యాలయం మాజీ వైస్ ఛాన్సలర్ చంద్రకాంత్ కొకాటే. కమిటీ సిఫారసు మీద 2016 మార్చి 10న 344 కలయికలను నిషేధించారు. వాటిలో స్టెరాయిడ్ కలిపిన చర్మం క్రీములూ ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెళ్లాయి. చట్టం చెప్పిన సాంకేతిక సలహా మండలిని అడగకుండా నిషేధించారన్నది వాటి వాదన. ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను ఒప్పుకుని అదే ఏడాది డిసెంబరులో నిషేధం కొట్టేసింది. సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో విషయాన్ని ఆ మండలికే పంపింది. చివరికి 2018 సెప్టెంబరులో 328 కలయికలు మళ్లీ నిషేధంలోకి వచ్చాయి.

ఈ రెండున్నరేళ్లలో ఎన్ని ఊడ్పులు, ఎన్ని వానాకాలాలు గడిచాయో లెక్కేసుకోవచ్చు. పైగా నిషేధం ఉన్నది ఫలానా కలయికల మీద. కలయికలో ఒక పేరు మారిస్తే అది వేరే మందు.

ఈలోగా ఫంగస్ కూడా మారింది. ఒకప్పుడు ఎక్కువగా కనిపించిన ట్రైకోఫైటాన్ రూబ్రమ్ వెనక్కి పోయి, దాని చుట్టం ఒకటి ముందుకొచ్చింది. నేపాల్, భారత్ రోగుల చర్మం నుంచి తీసిన ఈ ఫంగస్‌కి జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో కనబడితే అమెరికా ప్రభుత్వం అందరినీ అప్రమత్తం చేసింది. టెర్బినఫిన్ అనే బిళ్ల ఫంగస్‌లో ఒక ఎంజైమ్‌ని పట్టుకుని చంపుతుంది. ఈ ఫంగస్‌లో చాలా వాటికి ఆ ఎంజైమ్ జన్యువే మారిపోయింది, మందుకి పట్టు దొరకదు. స్టెరాయిడ్ నీడలో సగం సగం వైద్యం జరిగిన చర్మమే దానికి పెరటి తోట అయిందని చర్మవైద్యుల్లో చాలామంది అభిప్రాయం.

దీని ఫలితం ఎంతుందో వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు చూశారు. 200 మందిని నాలుగు జట్లు చేసి నాలుగు రకాల బిళ్లలు ఇచ్చారు. ఎనిమిది వారాలకు పూర్తిగా నయమైనవాళ్లు ఇట్రాకొనజోల్‌తో 66 శాతం, ఫ్లూకొనజోల్‌తో 42, టెర్బినఫిన్‌తో 28, పాతకాలం గ్రిసియోఫుల్విన్‌తో 14. 2020లో అచ్చయిన లెక్కలివి. అన్నిటికన్నా బాగా పనిచేసిన మందుతో కూడా రెండు నెలలకు ముగ్గురిలో ఒకరికి తగ్గలేదు.

ఆ ఇట్రాకొనజోల్ వాడకంలో మన దగ్గర ఒక చిక్కుంది. ఆ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. ఇక్కడేమో ఏ మందు ఇచ్చినా దానితోపాటు గ్యాస్ బిళ్ల ఇవ్వడం ఆనవాయితీ. అది ఆమ్లాన్ని తగ్గించేస్తుంది. ఖరీదైన మందు ఒంటికి పట్టకుండా పోయేది ఇలాగే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇది ఇవ్వకూడదు, గర్భిణులకీ ఇవ్వరు, కొన్ని కొలెస్ట్రాల్ మందులతో కలవకూడదు. కాబట్టి ఇదీ బల్ల మీద అడిగి తెచ్చుకునే మందు కాదు.

పూసే మందుకి చర్మవైద్యులు రెండ్ల లెక్క ఒకటి చెబుతారు: రోజుకి రెండుసార్లు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా, పోయాక కూడా రెండు వారాలు. స్టెరాయిడ్ లేని ఒట్టి ఫంగస్ క్రీము అయితేనే. ఇంట్లో పట్టిన అందరికీ ఒకేసారి వైద్యం చేయాలి. ఎవరి తువ్వాలు వాళ్లది, మొలతాడు తీసేయాలి, బట్టలు ఎండలో ఆరాలి. ముసురు పట్టి వారం రోజులు ఎండ పొడ తగలని శ్రావణంలో ఈ చివరిది ఎంత కష్టమో ఇక్కడి ఆడవాళ్లని అడిగితే చెబుతారు. ఇస్త్రీ పెట్టె అక్కడ పనికొస్తుంది.

షాపులవాళ్ల మాటలో ఒకటి మాత్రం కాదనలేం. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలంటే బస్సు చార్జీ, ఫీజు, ఊడ్పుల సీజన్లో ఒక రోజు కూలి పోతాయి. ట్యూబు ఆ లెక్కలో చవకే. కానీ ఆవిడ ఏడాదిగా కొన్న ట్యూబులన్నీ కూడితే ఆ చవక మిగలదు.

డెల్టాలో ఇంకో సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. ఇది బోదకాలు ఉన్న నేల. బోదకాలు ఉన్నవాళ్లకి వేళ్ల సందుల్లో ఫంగస్ పట్టి తోలు పగిలితే, ఆ పగుళ్లలోంచి బాక్టీరియా దిగి చలిజ్వరం, కాలు వాపు మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతిసారీ వాపు కొంచెం మిగిలిపోతుంది. రోజూ సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది అందుకే. ఆ సందుల్లో స్టెరాయిడ్ ట్యూబు రాస్తే జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

నిర్ధారణకి పెద్ద ల్యాబు అక్కర్లేదు. మచ్చ అంచున మొద్దు బ్లేడుతో పొట్టు గీకి, గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ దారపు పోగుల్లా కనిపిస్తుంది. క్షయ కఫం, మలేరియా రక్తం చూడటానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మైక్రోస్కోపు, టెక్నీషియన్ ఎప్పటి నుంచో ఉన్నారు. కావాల్సింది ఆ చుక్క మందు, చూడమని ఒక ఉత్తర్వు. సెంటర్లో రెండు ట్యూబులు కొన్న ఆవిడ ఆ పరీక్ష ఉందని నేను చెప్తే, "మా పీహెచ్‌సీలో చేస్తారాండి?" అని అడిగింది.