ఏడీహెచ్‌డీ పిల్లలకు వైద్యం హైదరాబాద్‌లో ఎందుకింత కష్టం?

స్కూలు డైరీలో రోజూ రిమార్కులు, క్లాసులో కూర్చోవడం లేదని ఫోన్లు, టీసీ తీసుకెళ్లమని బెదిరింపు. ఆ తర్వాత పిల్లల డాక్టర్, థెరపీ సెంటర్, సైకియాట్రిస్ట్, రాసిన మాత్ర దొరికే షాపు కోసం వెతుకులాట. ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం వంటి లక్షణాలుండే సమస్య. హైదరాబాద్‌లో ఇది ఉన్న పిల్లల అమ్మానాన్నలకు ఈ తిరుగుడు బాగా తెలుసు. ఇంత పెద్ద నగరంలో డాక్టర్లకు కొదవ లేదు. అయితే ఇక్కడి వ్యవస్థలన్నీ ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి పుట్టాయి. ఈ పిల్లలను మనసులో పెట్టుకుని పుట్టింది దాదాపు ఏదీ లేదు.

చాలామంది అనుకున్నట్టు ఇది సెల్‌ఫోన్లతో వచ్చిన జబ్బు కాదు. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ ఇలాంటి లక్షణాల గురించి ఉపన్యాసాలిచ్చారు. దీనికి ఇప్పుడు ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్ 1944లో తయారైంది. మన ఇళ్లలో మాత్రం "మగపిల్లాడు కదా, పెద్దయితే కుదురుకుంటాడు" అనే మాటతోనే ఏళ్లు గడిచిపోయేవి. అల్లరి చేయకుండా ఎటో చూస్తూ కూర్చునే ఆడపిల్లనైతే ఇప్పటికీ చాలాసార్లు ఎవరూ గుర్తించరు.

గుర్తించినా ఎక్కడికెళ్లాలి? మానసిక వైద్యమంటే ఎర్రగడ్డ. ఆ పేరునే తిట్టుగా వాడే నగరంలో ఏడేళ్ల పిల్లాణ్ని అక్కడికి తీసుకెళ్లడానికి ఏ తల్లికి కాళ్లాడతాయి? 1984లో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ వచ్చింది, కానీ దాని ప్రధాన లక్ష్యం మేధో వైకల్యం ఉన్నవారు. "మావాడికి తెలివి తక్కువేం లేదు కదా" అని తల్లిదండ్రులు వెనకాడేవారు. చివరికి మిగిలేది ప్రైవేటు క్లినిక్.

పెద్ద ఆశ 2013లో కలిగింది. ఆ ఏడాది మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. వైద్య బృందం బడికి వచ్చి చూస్తుంది, అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. ఆలోచన చాలా మంచిది. కానీ ఆ బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, సర్కారు, ఎయిడెడ్ బడులకు. హైదరాబాద్‌లో బస్తీ పిల్లలు సైతం ఎక్కువగా తక్కువ ఫీజు ప్రైవేటు స్కూళ్లలోనే ఉన్నారు. పైగా పుచ్చిపన్ను, చూపు లోపం కొద్ది నిమిషాల్లో తెలుస్తాయి. ఏడీహెచ్‌డీ అలా తేలదు. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. దాన్ని పసిగట్టాల్సింది రోజూ చూసే టీచర్, ఆ టీచర్‌కు శిక్షణ ఇచ్చేవాళ్లు అరుదు.

తర్వాత చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలుండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచి ఆటిజాన్నీ, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ చేర్చింది. ఏడీహెచ్‌డీని చేర్చలేదు. దాంతో అదొక్కటే ఉన్న పిల్లలకు సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే పరీక్షలో అదనపు సమయం అడగడానికి ఆధారం దొరకడం కష్టం. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) కూడా ఉన్నవాళ్లు అభ్యసన వైకల్యం కింద సర్టిఫికెట్ తీసుకునే దారిలో వెళ్తున్నారు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

మందుకూ ఒక చరిత్ర ఉంది. మిథైల్‌ఫెనిడేట్ దుర్వినియోగం కాకుండా దాన్ని షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితాలో పెట్టారు. చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, షాపు వాళ్లు ఒకటి రెండేళ్లు భద్రపరచాలి, మందు తాళం వేసి ఉంచాలి. జాగ్రత్త అవసరమే, కాదనను. కానీ ఇంత తతంగం ఎందుకని మామూలు మెడికల్ షాపులు ఆ లైసెన్సు జోలికే పోవు. దొరికే షాపు వెతుక్కునేలోగా మాత్రలు అయిపోతాయి.

ఇక డబ్బు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల కోసం. మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది, అయితే మామూలు పాలసీలు కూడా చాలావరకు అడ్మిట్ అయితేనే డబ్బిస్తాయి. ఏడీహెచ్‌డీ పిల్లలకు అడ్మిషన్ అవసరం రాదు. వాళ్లకు కావాల్సింది నెలల తరబడి ప్రవర్తనా థెరపీ, తల్లిదండ్రులకు శిక్షణ, డాక్టర్ ఫాలోఅప్. ఇవన్నీ ఓపీలోనే, జేబు ఖర్చుతోనే. ఆటో నడిపే తండ్రి మొదట ఆపేది థెరపీనే. ఆరోగ్యశ్రీలో ఓపీ థెరపీని చేర్చాలి, బడి పరీక్షలను చిన్న ప్రైవేటు స్కూళ్లకూ తీసుకెళ్లాలి. ఈ రెండూ రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే చేయగలిగిన పనులు.