పగడాలకు తగలని గొలుసు

ఫ్రెంచి పాలినీషియాలోని తువామోటు దీవులు దాదాపు అన్నీ పగడపు వలయాలే. అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడం పైకి పెరుగుతూ పోయిందని డార్విన్ 1842లో రాశాడు. మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్‌లో 1952లో దించిన బోరు, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాకే అగ్నిశిలను తాకి, ఆ మాటను బలపరిచింది. వలయం బయట సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది, లంగరుకు అందదు. తెరచాప పడవలో తిరిగే దంపతులు మొగ, అంటే వలయంలోని గండి, దాటి లోపలి ఉప్పునీటి మడుగైన లగూన్‌లోకి రావాల్సిందే.

ఇక్కడ పోటు మీటరైనా లేవదు. అయినా మొగలో నీరు ఉరకలు వేస్తుంది. దక్షిణం నుంచి వచ్చే పెద్ద కెరటాలు పగడపు కట్ట మీదుగా లగూన్‌ను నింపుతాయి, ఆ నీరంతా మొగ గుండానే బయటపడాలి. కెరటాలు జోరుగా ఉన్న రోజుల్లో ఆటుపోట్ల పట్టికను నమ్మకూడదు. బయటికొచ్చే నీటికి గాలి ఎదురైతే మొగలో నిటారు అలలు లేస్తాయి. అవి కనిపిస్తే బయటే ఆగాలి.

లోపల తిరగడానికి పది నుంచి రెండు గంటల మధ్య ఎండ మంచిది. ఒకరు చుక్కాని పడతారు, ఇంకొకరు పోలరాయిడ్ కళ్లద్దాలతో పడవ ముక్కు దగ్గర నిలబడి చేతి సైగలతో దారి చెబుతారు. ఇంజను హోరులో మాట వినపడదు. నీరు లేత నీలంగా కనిపిస్తే కింద ఇసుక, గోధుమరంగుగా కనిపిస్తే పగడం.

అసలు చిక్కు లంగరుతో కాదు, గొలుసుతో. లగూన్ అడుగున ఇసుక మధ్య పగడపు గుట్టలుంటాయి. గాలి మళ్లి పడవ తిరిగితే గొలుసు వాటికి చుట్టుకుంటుంది. పగడం విరుగుతుంది. గొలుసు కురచైపోయి, ఈదురుగాలికి పడవ ముక్కు దాన్ని ఒక్క కుదుపున లాగుతుంది. అప్పుడు లంగరు లాగే మర విరిగిపోవచ్చు.

దీనికి విరుగుడు తేలే బంతులు. వాటిని గొలుసుకు కడితే అది పగడాలకు తగలకుండా పైకి తేలుతుంది. ముత్యాల సాగు నుంచి కొట్టుకొచ్చినవి ఒడ్డునే దొరుకుతాయి. 10 మి.మీ. గొలుసు మీటరుకు గాలిలో సుమారు 2.3 కిలోలు, నీటిలో 2 కిలోలు తూగుతుంది. 30 సెం.మీ. బంతి తన బరువు పోను దాదాపు 13 కిలోలు, అంటే ఆరేడు మీటర్ల గొలుసును మోస్తుంది. లోతు 10 మీటర్లు, ముక్కు ఎత్తు మీటరున్నర అనుకుంటే, ఆ రెండూ కలిపిన దానికి అయిదింతల లెక్కన 58 మీటర్ల గొలుసు కావాలి. ముందు లంగరును ఇసుకలో వేసి, ఇంజను వెనక్కి తిప్పి బిగించాలి. మొదటి 15 మీటర్లు ఖాళీగా వదలాలి. బంతి లంగరుకు మరీ దగ్గరైతే లాగుడు పైకి పడి లంగరు ఊడిపోతుంది. ఆ తర్వాత ఏడేసి మీటర్లకు ఒక్కో బంతి, రెండు మూడు చాలు.

మధ్యలో బరువు తేలితే గొలుసు వేలాడి కుదుపులను మింగే గుణం కొంత పోతుంది. అందుకే పది మీటర్ల నైలాన్ తాడును గొలుసుకు కొక్కెంతో తగిలించి, దాని కొసను పడవకు కట్టి, భారమంతా తాడు మీదే పడనివ్వాలి. నైలాన్ సాగుతుంది, గొలుసు సాగదు.

ఎత్తేటప్పుడు గొలుసు బిగుసుకుంటే మరతో పీకకూడదు. ముఖానికి మాస్కు పెట్టుకుని నీళ్లలోకి చూసి, ఏ గుట్టకు ఎటు చుట్టుకుందో తెలుసుకుని, పడవను ఆ చుట్టుకు ఎదురు దిశలో తిప్పాలి. ఆగ్నేయ గాలి పడమటికి మళ్లే సూచనలుంటే వెలుగుండగానే చోటు మార్చాలి. తువామోటులోని ఫకరావా లాంటి 60 కిలోమీటర్ల లగూన్‌లో నీటి మీద దూరం నుంచి వచ్చే గాలికి, నిన్నటిదాకా చాటుగా ఉన్న తీరమే పడవ కొట్టుకుపోయే ఒడ్డు అవుతుంది.