లేచి నిలబడితే రోజూ ఎందుకు పడిపోం?

పిల్లోళ్ళూ,

మొన్న అలిపిరి మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళ పర్వతం కాడ కాసేపు కూర్చుని లేస్తానే పాపకి కళ్ళు బైర్లు కమ్మినాయి కదా, "తాతా నా గుండె ఆగిపోయిందా" అని భయపడి అడిగింది. ఆగలేదమ్మా. ఆ రోజు ఎండలో వివరంగా చెప్పలేకపోయినాను, అందుకే ఈ ఉత్తరం.

మనం లేచి నిలబడినప్పుడు అర లీటరు దాకా రక్తం కాళ్ళల్లోకి, పొట్ట కిందికి దిగిపోతాది. లెక్క ప్రకారం తలకి రక్తం తగ్గి రోజూ పడిపోవాల, కానీ పడిపోం, ఎందుకంటే మెదడు కింద వెన్నుపాము మొదలయ్యే చోట మెడుల్లా అని ఒక భాగం ఉంది, దాంట్లో ముందుపక్కగా కుడివైపొకటి ఎడమవైపొకటి చిన్న న్యూరాన్ల (నరాల కణాల) గుంపులు ఉండాయి, వీటిని డాక్టర్లు ఆర్‌వీఎల్‌ఎం (రోస్ట్రల్ వెంట్రోలేటరల్ మెడుల్లా) అంటారు. ఇవి మనం నిద్రపోతా ఉన్నా సరే వెన్నుపాములోకి సిగ్నల్స్ పంపిస్తానే ఉంటాయి, అక్కడినుంచి సింపథెటిక్ నరాలు, అంటే మనం చెప్పకుండానే వాటంతట అవే పనిచేసే నరాలు, గుండెకి, కిడ్నీలకి, రక్తనాళాలకి పోతాయి. వాటివల్లే రక్తనాళాలు ఎప్పుడూ కొంచెం బిగువుగా ఉంటాయి, బీపీ నిలబడతాది. మెడ దగ్గర వెన్నుపాము బాగా దెబ్బతిన్నోళ్ళకి బీపీ పడిపోయేది ఈ దారి తెగిపోవడంవల్లే.

1850ల్లో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త కుందేలు మెడలో సింపథెటిక్ నరం కోస్తే ఆ పక్క చెవి వెచ్చబడింది, అంటే బిగువు పోయి రక్తనాళాలు వెడల్పయినాయి. ఆ బిగువు ఎక్కడినుంచి వస్తా ఉందో 1870ల్లో జర్మనీలోని లైప్జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ ల్యాబ్ వాళ్ళు వెతుక్కుంటా పోయి మెడుల్లా దగ్గర తేల్చినారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చెప్తా, నిదానంగా చదవండి. మెడలో కెరోటిడ్ అనే పెద్ద రక్తనాళం గోడలో, గుండె పైనుండే పెద్ద నాళం వంపులో, సాగుడు తెలుసుకునే నరాల కొసలు ఉండాయి. బీపీ పెరిగితే గోడ సాగి అవి మెడుల్లాకి ఎక్కువ సిగ్నల్స్ పంపిస్తాయి, అక్కడ మధ్యలో ఉండే న్యూరాన్లు గాబా అనే కెమికల్ వదిలి ఆర్‌వీఎల్‌ఎంని అణిచిపెడతాయి. నిలబడినప్పుడు ఏమయితాది? గోడ సాగుడు తగ్గతాది, కబురు తగ్గతాది, అణిచేది తగ్గతాది, దాంతో ఆర్‌వీఎల్‌ఎం విజృంభిస్తాది, నాళాలు బిగుసుకుంటాయి, గుండె జోరందుకుంటాది. కబురు తగ్గితే పని పెరగడం, చూసినారా! ఇదంతా కొన్ని సెకన్లలోనే.

పాపకి ఆ రోజు చెమటకి నీళ్ళు తగ్గిపోయినాయి, మెట్లెక్కి ఎక్కి కాళ్ళ కండరాల్లో రక్తనాళాలు బాగా తెరుచుకుని ఉండాయి, కాబట్టి సర్దుకోడానికి రెండు మూడు సెకన్లు ఎక్కువ పట్టి ఉంటాది, అంతే. అట్లయితే వెంటనే కూర్చుండిపోవాల, నీళ్ళు తాగాల. మళ్ళీ మళ్ళీ అయితే మాత్రం డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

మీ అవ్వ సంగతి వేరే. వయసైనోళ్ళకి ఈ సర్దుబాటు మందగిస్తాది, పైగా బీపీ మాత్రలు వేసుకుంటా ఉంది. పొద్దున్నే లేపేటప్పుడు "లెయ్ అవ్వా" అని చెయ్యి పట్టి గుంజబాకండి. మంచం పట్టె మీద కాసేపు కూర్చోనిచ్చి, కాళ్ళు నాలుగుసార్లు ఆడించినాక నిలబెట్టండి.

మీ తాత
తిరుపతి