రాయిని నేర్చుకున్న వందేళ్లు

ఈజిప్టులోని సక్కారాలో ఫారో జోసెర్ సమాధి ప్రాంగణంలోకి అడుగుపెట్టే చోట ఒక తలుపు బార్లా తెరిచి ఉంటుంది. నాలుగున్నర వేల ఏళ్లకు పైగా అలా తెరిచే ఉంది. దాన్ని మూయడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే ఆ తలుపును గోడరాతిలోనే చెక్కారు. లోపలి నడవాలో తలెత్తి చూస్తే పైకప్పుకు గుండ్రటి దుంగలు పరిచినట్టు కనిపిస్తుంది. అవీ రాళ్లే. రెండు పక్కలా ఉన్న స్తంభాలు రెల్లు కట్టల్లా ఉంటాయి. ఒక్కటి కూడా విడిగా నిలబడదు, ప్రతిదాన్నీ వెనక ఉన్న చిన్న గోడకు కలిపి కట్టారు.

ఈజిప్టు కట్టడాల గురించి చెప్పేటప్పుడు అందరూ గీజా దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఈ తలుపు దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. అంతకుముందు అక్కడ కట్టుబడి అంటే నైలు ఒండ్రుమట్టిలో గడ్డి కలిపి, అచ్చు పోసి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలు, రెల్లు, కలప. క్రీ.పూ. 2650 ప్రాంతంలో రాయి చేతికొచ్చింది కానీ, చేతులకు ఉన్న అలవాటు ఇటుకదే. అందుకే జోసెర్ మేస్త్రీలు సున్నపురాతిని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఇటుకల్లాగే వరసలు పేర్చారు. స్తంభం ఒంటరిగా నిలుస్తుందన్న ధైర్యం వాళ్లకింకా రాలేదు. ఆ వెనుకంజ రాతిలో అలాగే మిగిలిపోయింది.

జోసెర్ సమాధి మీది పిరమిడ్ కూడా ముందే గీసుకున్న ఆలోచన కాదు. మొదట చదునైన సమాధి దిమ్మె ఒకటి కట్టారు. దాన్ని పెంచారు, మళ్లీ పెంచారు, ఆపైన నాలుగు మెట్లు వేశారు, చివరికి ఆరు మెట్లతో సుమారు 62 మీటర్ల ఎత్తుకు చేర్చారు. దీని రూపశిల్పిగా పేరొందిన ఇమ్‌హోటెప్ పేరు జోసెర్ విగ్రహ పీఠం మీద ఇప్పటికీ చదవవచ్చు.

అసలైన పాఠాలు తర్వాతి కాలపు ఫారో స్నెఫెరు హయాంలో వచ్చాయి. దహషూర్‌లో ఆయన కట్టించిన పిరమిడ్ సుమారు 54 డిగ్రీల వాలుతో పైకి లేచి, సగం దాటకముందే 43 డిగ్రీలకు వంగిపోతుంది. కింద నేల గట్టిది కాదు. బరువు పెరిగేకొద్దీ లోపలి గదుల్లో పగుళ్లు వచ్చాయి. పై గదిలో గోడకూ గోడకూ మధ్య పోటుగా బిగించిన దేవదారు దూలాలు ఈనాటికీ ఉన్నాయి. కింది భాగంలో రాతి వరసలను లోపలికి వాలేట్టు పేర్చే పాత పద్ధతి కనిపిస్తుంది. పై భాగానికి వచ్చేసరికి వరసలు సమతలంగా మారాయి. పని నడుస్తుండగానే పద్ధతి మార్చుకున్నారన్నమాట! ఆ దగ్గర్లోనే స్నెఫెరు కట్టించిన మరో పిరమిడ్‌ను మొదటి నుంచీ 43 డిగ్రీల వాలుతో లేపారు. అది నిలబడింది.

ఆయన కొడుకే ఖుఫు. గీజా మహా పిరమిడ్ ఆయనది. 146 మీటర్ల ఎత్తు, సుమారు 23 లక్షల రాళ్లు. దాని వాలును మూరలు, బెత్తలతో చెప్పడం నాకు ఇష్టం: ఏడు బెత్తల మూర ఎత్తు లేస్తే, ముఖం ఐదున్నర బెత్తలు లోపలికి జరుగుతుంది. వాళ్ల బెత్త కూడా మనదానిలాగే నాలుగు వేళ్ల వెడల్పే. ఈ ఒక్క కొలత గుర్తున్న పనివాడు ఏ మూలన నిలబడి రాయి చెక్కినా వాలు తప్పదు. పనిముట్లు రాగి ఉలులు, రాతి సుత్తులు. గ్రానైట్‌ను కోయడానికి రాగి రంపం కింద ఇసుక పోసి లాగేవారు, రాగికి లొంగని రాతిని ఇసుక రేణువులు అరగదీసేవి.

ఇదంతా మనుషుల పని కాదని ఇప్పటికీ వాదించే వాళ్లున్నారు. వాళ్లకు నేను మెరెర్ పేరు చెబుతాను. 2013లో ఎర్ర సముద్ర తీరాన వాదీ అల్ జర్ఫ్‌లో దొరికిన ఖుఫు కాలపు పపైరస్ ముక్కల్లో అతని దినచర్య ఉంది. సుమారు 40 మంది ముఠాకు అతను నాయకుడు. తురా గనుల్లో సున్నపురాయి పడవకెత్తడం, నైలు మీదుగా, కాలువల మీదుగా గీజా చేర్చడం, రాత్రి ఎక్కడ పడుకున్నదీ, మర్నాడు ఖాళీ పడవతో మళ్లీ తురాకు తిరిగి రావడం, అన్నీ రోజువారీగా రాసుకున్నాడు.