‘టాన్’ తప్ప మాట రాని మనిషి

1861 ఏప్రిల్‌లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే సర్జన్ లెబోర్న్ అనే రోగిని పరీక్షించాడు. ఏమడిగినా లెబోర్న్ ‘టాన్, టాన్’ అనేవాడు. బాగా కోపమొస్తే మాత్రం ఒక తిట్టు పూర్తిగా, స్పష్టంగా వచ్చేది. కుడి చెయ్యి, కుడి కాలు అప్పటికే పడిపోయాయి. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయిందని అడిగితే ఎడమ చేతి అయిదు వేళ్లూ నాలుగుసార్లు చాపి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. 21 ఏళ్లు. లెక్క సరిగ్గా ఉంది!

కొద్దిరోజులకే అతను చనిపోయాడు. మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగంలో ఒక చోట దెబ్బతిని ఉంది. దాన్నే ఇప్పుడు బ్రోకా ప్రాంతం అంటున్నాం. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే ఇంకోరకం రోగుల గురించి రాశాడు. వాళ్లు గడగడా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు. మనం చెప్పేదీ వాళ్లకు సరిగా అర్థం కాదు. వాళ్లలో చెడింది ఎడమ చెవికి పైన, కణత వెనకవైపు ఉండే భాగం. వినికిడిని అందుకునే ప్రాంతం దాని పక్కనే ఉంటుంది.

చూపు సంగతి తల వెనకభాగం చూసుకుంటుంది. స్పర్శకు నడినెత్తి నుంచి చెవి వైపు దిగే ఒక పట్టీ ఉంది. కెనడాలో సర్జన్ పెన్‌ఫీల్డ్ మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని కరెంటుతో తాకుతూ దీని పటం గీశాడు. అందులో పెదాలు, నాలుక, వేళ్లకు దక్కిన చోటు వీపు మొత్తానికి కూడా దక్కలేదు. కదలికల పట్టీ దాని ముందే ఉంటుంది, బ్రోకా ప్రాంతం ఆ పట్టీకి ఆనుకునే ఉంటుంది. బ్రోకా ప్రాంతానికీ, ఈ పట్టీల్లో చేతికి సంబంధించిన చోటుకూ ఒకే రక్తనాళం కొమ్మలు రక్తం అందిస్తాయి. పైగా ఒంటి కుడివైపును నడిపించేది మెదడు ఎడమవైపే. పక్షవాతంలో మాట, కుడి చెయ్యి తరచూ ఒకేసారి పడిపోయేది అందుకే.

అయితే మాట మొత్తం ఒక్క చోటే ఉందనుకోకూడదు. భద్రపరిచిన లెబోర్న్ మెదడును స్కాన్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, దెబ్బ లోపలి నరాల తీగలదాకా వెళ్లిందని తేలింది.

మాట పోయిన మనిషిని చూసి ‘ఈయనకిక ఏమీ తెలియదు’ అని ఆయన ముందే అనేస్తుంటారు. చాలా బాధగా ఉంటుంది. బ్రోకా ప్రాంతం దెబ్బతిన్నవాళ్లకు మనం అనేది చాలావరకు అర్థమవుతుంది. అవును, కాదు అని తలూపితే సరిపోయేలా అడగండి, జవాబుకు టైమివ్వండి. పాట అందుకుని చూడండి. నాలుగు మాటలు కలపలేనివాళ్లలో కొందరు తెలిసిన పాటను పదాలతో సహా పాడగలరు. స్పీచ్ థెరపీలో దీన్ని ఆధారం చేసుకునే పద్ధతి కూడా ఉంది. ముందు వాక్యాన్ని రాగంగా పలికిస్తారు, తర్వాత మెల్లగా రాగం తగ్గిస్తూ వస్తారు.