ఫైన్ డైనింగ్ చెఫ్ అవ్వాలనుకునేవాళ్లకి కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: డిప్లొమా లేకపోతే మంచి కిచెన్‌లోకి రానివ్వరు.

వాస్తవం: డిప్లొమా ఉంటే మొదటి ఉద్యోగం కాస్త తేలిగ్గా దొరుకుతుంది. కానీ అమెరికాలో పేరున్న చెఫ్ థామస్ కెల్లర్ వంట కాలేజీలో చదవలేదు. స్పెయిన్‌కి చెందిన ప్రముఖ చెఫ్ ఫెర్రాన్ ఆడ్రియా 1980లో హోటల్లో గిన్నెలు కడుగుతూ మొదలుపెట్టారు. అలాగని చదువు దండగ అనను. ఫుడ్ కాస్టింగ్ (వంటకానికి ఎంత ఖర్చవుతుందో లెక్కెయ్యడం), శుభ్రత నియమాలు సర్వీస్ హడావుడిలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అప్పు చేసి చేరేముందు మాత్రం ఏదో ఒక కిచెన్‌లో రెండు మూడు నెలలు పనిచేసి చూడండి. కాళ్లు లాగేశాక కూడా ఇష్టం మిగిలితే అప్పుడు ఫీజు కట్టండి.

అపోహ: ఫైన్ డైనింగ్ అంటే కొత్త వంటకాలు కనిపెట్టడం.

వాస్తవం: మొదట్లో మీ క్రియేటివిటీతో ఎవరికీ పనిలేదు. నిన్న చేసినట్టే ఇవాళ చెయ్యగలరా అన్నదే చూస్తారు. బ్రన్వాజ్ అంటే కూరగాయల్ని సుమారు 3 మిల్లీమీటర్ల ఘనాలుగా తరగడం. ఒక ముక్క 3, ఇంకోటి 5 అయితే చిన్నది మెత్తబడేసరికి పెద్దది పచ్చిగానే ఉంటుంది. ఆ కొలత అందం కోసమే అనుకునేవాణ్ణి. కమీగా, అంటే కిచెన్‌లో కింది స్థాయి వంటవాడిగా, చేరిన కొత్తలో పొద్దున్నంతా తరిగిన క్యారెట్ డబ్బాని సూ చెఫ్ (హెడ్ చెఫ్ తర్వాతి స్థానం) ఒక్క మాట లేకుండా స్టాక్ (కూరగాయలు, ఎముకలు ఉడికించి తీసే రసం) గిన్నెలో వంపేశారు. ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, సగం తప్పు నా కత్తిది. మొద్దు కత్తి ముక్కని కొయ్యదు, నలుపుతుంది. ఆ వారమే రాయి మీద నూరడం నేర్చుకున్నాను.

సాసులూ అంతే. హాలండేజ్‌లో (గుడ్డు సొన, వెన్నతో చేసే సాస్) వేడి ఎక్కువైతే సొన గడ్డకడుతుంది, తక్కువైతే చిక్కబడదు, వెన్న ఒక్కసారిగా పోస్తే విరిగిపోతుంది. పదేపదే చేస్తే విస్క్ బరువులోనే తేడా చేతికి తెలుస్తుంది. ఇంట్లో ప్రాక్టీసుకి ఆమ్లెట్ చాలు: వారమంతా రోజూ అదే, పైన గోధుమరంగు మరక పడకుండా.

అపోహ: మిషలన్ స్టార్ (మిషలన్ గైడ్ మంచి రెస్టారెంట్లకి ఇచ్చే గుర్తింపు) ఉన్నచోట చేరితే లైఫ్ సెట్.

వాస్తవం: స్టార్ రెస్టారెంటుకి ఇస్తారు, చెఫ్‌కి కాదు. చోటు మారితే వెంట రాదు. పెద్ద పేరున్న కిచెన్‌లో నెలల తరబడి ఒకే గార్నిష్ (ప్లేటు మీద పెట్టే అలంకరణ) చేసి వచ్చినవాళ్లని చూశాను. అన్ని స్టేషన్లూ (కిచెన్‌లో ఒక్కో రకం పనికి ఒక్కో చోటు) తిప్పే చిన్న కిచెన్ మొదట్లో మేలని నా అభిప్రాయం. స్టాజ్‌కి (పని నేర్చుకోడానికి కొన్నాళ్లు ఒక కిచెన్‌లో చెయ్యడం) వెళ్తే ఎన్ని రోజులు, ఏ స్టేషన్, జీతం ఉందా లేదా అని ముందే అడగండి. రెండు రోజుల ట్రయల్ వేరు, ఉచిత చాకిరీ వేరు.

అపోహ: తిట్లు తినకపోతే పని రాదు.

వాస్తవం: అబద్ధం. "వెనకున్నా", "వేడి" అని అరవాల్సిందే, లేకపోతే ఎవరో ఒకరు కాల్చుకుంటారు. బూతులు తిడుతుంటే వేరే కిచెన్ వెతుక్కోండి.

అపోహ: ముందు ఖరీదైన కత్తుల సెట్టు కొనాలి.

వాస్తవం: ఒక చెఫ్ కత్తి, నూరడానికి రాయి, జారని బూట్లు, జేబులో పట్టే నోట్‌బుక్. డబ్బు మిగిలితే ముందు మంచి బూట్లకే పెట్టండి.